జైనూర్ ఘాటు మీద రెండు బండ్లు

బాపుది అంబాసిడర్, మేనమామది పద్మిని. బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో రిటైరయ్యాక మేము కరీంనగర్ వచ్చి మామ పక్క వాటాలో దిగాం. రెండు కార్లకూ కలిపి ఒకటే రేకుల షెడ్డు. వానాకాలం ఎవరి బండి తడవాలన్న చర్చ మా ఇంట్లో అసెంబ్లీ కన్నా కాస్త పద్ధతిగా సాగేది.

అంబాసిడర్‌లో ఇంటిల్లిపాదీ ఎక్కినా ఇంకొకరికి చోటుండేది. గుంతలో పడితే ఆ సంగతి లోపలివాళ్లకు నిదానంగా తెలిసేది. క్లచ్ తొక్కడానికి మాత్రం కడుపునిండా తిని కూర్చోవాలి. పద్మిని చురుకు. మార్కెట్ సందుల్లో స్కూటర్‌లా దూరేది, పెట్రోలు కూడా పొదుపుగా తాగేది. గుంత కబురు నడుముకు వెంటనే చేరవేసేది.

బాపు ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్దేవాడు. మామ దృష్టిలో అది నిద్రపోతున్న మనిషిని లేపి ఒంట్లో ఎలా ఉందని అడగడం. ఆగినప్పుడు చూసుకోవచ్చని ఆయన సిద్ధాంతం.

ఒక ఏడు దసరాకు ముందు మామకు అక్కయిన మా అవ్వ తేల్చేసింది. వాకిట్లో ఇక ఒకటే బండి. పండగ మర్నాడు జైనూర్‌లో టీచరుగా ఉన్న మా చెల్లె దగ్గరికి రెండు బండ్లలో వెళ్లాలి. దారిలో కొండెక్కే ఘాటు మీద ఆగినదాన్ని అమ్మేయాలి. బాపు నవ్వేశాడు కానీ, ఆ వారం బుధవారం కూడా బానెట్ ఎత్తాడు.

బాయిలో దసరాకు యంత్రానికి ఎంత లావు దండ వేస్తే అంత మర్యాద. ఆ అలవాటు కొద్దీ బాపు అంబాసిడర్ ముందరి జాలీ కనబడకుండా బంతిపూల దండలు వరుసగా కట్టాడు. మామ బద్ధకించి పొద్దుపోయాక మార్కెట్‌కు పోతే మూరెడు పూలే దొరికాయి. అద్దానికి చుట్టి ఊరుకున్నాడు.

ఘాటు సగం ఎక్కేసరికి అంబాసిడర్ ముందు నుంచి ఆవిరి లేచింది. బాపు పక్కకు తీసి ఆపాడు. ఉద్యోగమంతా భూమి కింద మనుషులకు గాలి ఆడుతోందో లేదో చూసినవాడు, బండికి తానే ఊపిరాడకుండా చేశాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దండలు ఒక్కొక్కటే తెంపి రాతిగట్టు మీద పెట్టాడు.

అవ్వను ఎక్కించుకుని ముందు పోతున్న మామ కూడా బండి ఆపాడు. నీళ్ల డబ్బా పట్టుకుని వెనక్కి నడిచొచ్చాడు.

"నువ్వెందుకు ఆగినవ్? జర పైకి పోతే గెలుస్తుంటివి గద," అన్నాడు బాపు.

"గెలిచి ఏం జేయాలె బావా? నీ బండి పోతే నేనెవల్ని సతాయించాలె?"

అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి, రెండూ ఆగినయ్ గద, గిప్పుడు దేన్ని అమ్ముదామని అడిగింది. బావాబామ్మర్దులిద్దరూ రేడియేటర్ ఎంతసేపట్లో చల్లారుతుందో ఎంతో శ్రద్ధగా చర్చించుకున్నారు.

తీరా బయల్దేరబోతే పద్మిని స్టార్టు కాలేదు. బాపు వెళ్లి దాని బానెట్ ఎత్తాడు. మామ మొదటిసారి అడ్డు చెప్పలేదు.