కొండమీద కాలిన చేతికర్ర

అది పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. పుష్యమాసపు ఉదయం, అనంతగిరి దాటాక చేతికర్ర ఊతంగా ఒక చిన్న కొండ ఎక్కబోతున్నాను. గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టు గడ్డకట్టి ఉంది. వీపున పసిపిల్లను కట్టుకుని నా ముందు నడుస్తున్న కొండజాతి యువతి వంగి, రెండు ఎండుపుల్లలు ఏరి, ఒకటి నాకు ఇవ్వబోయింది.

"పట్టు బాబూ. పైన అమ్మోరి కాడ ఎయ్యాల. ఎక్కినోలందరూ ఏస్తారు."

"పుల్లలడిగే దేవతేమిటమ్మా? నేను తేను" అన్నాను. అంతటితో ఊరుకోక, దారి పొడుగునా మూఢాచారాల మీద ఉపన్యాసం చెప్పాను. ఆమె తన పుల్ల ఒక్కటీ పట్టుకుని ఎక్కుతూ పోయింది.

కొండపైన చెట్టన్నది లేదు, ఒకటే ఈదురుగాలి. అక్కడికి చేరేసరికి పిల్ల పెదవులు నీలంగా మారాయి. ఏడుపు కూడా మానేసింది. అమ్మవారి రాయి దగ్గర ఎవరో వేసిన పుల్లలు కొన్నే ఉన్నాయి. తల్లి తన పుల్ల కూడా చేర్చి చెకుముకితో నిప్పు రాజేసింది. మంట లేచినట్టే లేచి తగ్గసాగింది. నేను నా చేతికర్రను మోకాలికి ఆన్చి విరిచి అందులో పెట్టాను.

కాసేపటికి పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. తల్లి నవ్వింది.

"పుల్ల తేనన్నావు. అమ్మోరు నీ కర్రే లాక్కుంది సూడు!"

"అమ్మవారు కాదు, నీ గుంటపిల్ల లాక్కుంది."

"అయితే దానికే మొక్కు బాబూ."

ఆ కొండమీద ఏ దేవతా లేదని ఇప్పటికీ వాదిస్తాను. తిరుగుదారిలో మాత్రం చంకనిండా ఎండుపుల్లలతో ఆ కొండ ఎక్కాను.