కొళాయి వరసలో నల్ల బొక్కెన

మా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో, మా తెలుగువాళ్ళ వీధి కొళాయి దగ్గర వరసలో బిందెలు నిలబడేవి... మనుషులు ఇళ్ళలో పనులు చేసుకునేవారు.

ఇత్తడి బిందె, సత్తు తప్పేలా, డాల్డా డబ్బా... ఖాళీ గిన్నె లేనివాళ్ళు సగం ఇటుకముక్క పెట్టేవారు. ఆ ఇటుక ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. దాని వంతు దానికి ఉండేది. వరస తప్పించినవాళ్ళ బిందె అందరికన్నా ఆఖరికి పోయేది. ఈ చట్టం ఎవరు పెట్టారో తెలియదు గానీ, అమలు చేసేది మాత్రం మా అమ్మ.

సెలవుల్లో బిందెకు కాపలా నా ఉద్యోగం.

ప్రతి వేసవిలో మా వీధి వెనక మైదానంలోకి ఎడ్లబండ్ల మీద ఇనప పనివాళ్ళు వచ్చేవారు. ఊరూరా తిరిగే లోహార్ల కుటుంబాలు. మేము ‘బండోళ్ళు’ అనేవాళ్ళం. మగవాళ్ళు ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో పట్టుకుంటే, ఆడవాళ్ళు సమ్మెట ఎత్తి కొట్టేవారు. వర్క్‌షాప్‌లో కమ్మరం పని చేసే మా నాన్న ఒకసారి నిలబడి చూసి, "మా షాపులో నలుగురం సేసే పని, ఈయమ్మ ఒక్కర్తీ సేసేత్తంది" అన్నారు.

అంత మెచ్చుకున్నా... బండ్లు కనబడగానే వీధిలో తీగల మీది బట్టలు లోపలికి పోయేవి. తడివైనా సరే. మా అమ్మ కూడా తీసేది. పిల్లల్ని ఎత్తుకుపోతారని మాకు చెప్పేవారు. మేము మాత్రం రోజూ వెళ్ళి ఆ నిప్పురవ్వలు చూసి వచ్చేవాళ్ళం... ఒక్కరోజు కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఒక వేసవిలో వచ్చిన బండ్లలో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. పేరు రుక్మా. మూడు రోజులు దూరంగా నిలబడి మా వరసను చూసింది. నాలుగో రోజు సాయంత్రం మసిపట్టిన ఇనప బొక్కెన ఒకటి తెచ్చి, ఎవరూ చెప్పకుండానే సరిగ్గా వరస చివర పెట్టింది. ఆ తర్వాత నేను తెచ్చిన మా బిందె దాని వెనక పడింది.

నేను బొక్కెన తీసి పక్కన పెట్టి, మా బిందె ముందుకు జరిపాను. ఆమె మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టింది... పక్కింటి పైడమ్మ పిన్ని "బాగా సేసినావురా!" అంది. నాకు ఛాతీ రెండింతలైంది.

అప్పుడే అమ్మ వచ్చింది.

"ఎవుల్రా ఆ బొక్కెన తీసినారు?"

"నేనేనమ్మా! బండోల్లది!"

"ఎవులిదని అడగనేదు. వరసలో ఉందా, నేదా?"

"ఉంది..."

"మరెందుకు తీసినావు?"

పైడమ్మ పిన్ని అడ్డం వచ్చింది. "అదేటప్పా, మన కులాయి కాడ ఆల్లకి వంతేటి? ఊరూ పేరూ నేనోల్లు."

"ఓలె పైడీ, నువ్వెట్టిన ఇటుకముక్కకి ఊరూ పేరూ ఉన్నాయేటే? దానికి వంతిస్తన్నామా, నేదా?"

వీధంతా గొల్లుమంది. పిన్ని కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అమ్మ బొక్కెనను దాని చోట పెట్టి, మా బిందెను తన చేత్తోనే అందరి వెనక్కి మోసుకెళ్ళింది. "వరస తప్పించినోడు ఆకర్న. నా కొడుకైతే ఏటి?"

రుక్మా వంతు వచ్చింది. నీళ్ళు పడుతుండగా హిందీలో అమ్మకు చెప్పింది... తమ్ముడికి విరేచనాలట. చెరువు నీళ్ళు తాగి మంచాన పడ్డాడట. బొక్కెన అంచుల దాకా నిండేవరకు అమ్మ దాన్ని ఎవరినీ జరపనివ్వలేదు.

మా బిందె వంతు వచ్చేసరికి ధార సన్నబడింది. రెండు వేళ్ళ ఎత్తు నిండి ఆగిపోయింది. నాన్న డ్యూటీ దిగి వచ్చే వేళ. ఇంట్లో అన్నానికి నీళ్ళు లేవు. అందరూ వెళ్ళిపోతుంటే నేను అడుగంటిన బిందె పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

రుక్మా మళ్ళీ వచ్చింది. బొక్కెనలో సగం నీళ్ళున్నాయి. నన్ను చూసి కిసుక్కున నవ్వి, మా బిందెలో పోసేసింది.

వెళ్తున్నవాళ్ళు ఆగిపోయారు.

"ఆల్ల నీల్లతో వండుతావేటప్పా?" అంది పైడమ్మ పిన్ని.

అమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "ఆల్ల నీల్లేటే? రైలువే నీల్లు."

అన్నం ఉడికింది. స్నానానికి రెండు చెంబులే ఎందుకున్నాయని నాన్న అడిగితే, "నీ కొడుకు పెద్ద పెత్తనం సేసినాడు" అంది అమ్మ.

మర్నాటి నుంచి నల్ల బొక్కెన రోజూ వరసలో ఉండేది. కొన్నాళ్ళకు రుక్మా తమ్ముడు బండిచక్రం పట్టుకుని లేచి నిలబడ్డాడు... మమ్మల్ని చూసి గుప్పెడు మట్టి విసిరాడు కూడా. వానలకు ముందు వాళ్ళు వెళ్ళిపోయేదాకా మా ఇంటి బట్టలు తీగ మీదే ఆరాయి. అమ్మ తీయలేదు.

ఈమధ్య ఫోన్‌లో రోమా అనే జనం గురించి చదివాను. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడో మన దేశం నుంచే యూరప్ వెళ్ళారట. అక్కడ ఇప్పటికీ వాళ్ళను చూస్తే తలుపులు వేసుకునేవాళ్ళు ఉన్నారట. కొన్ని చోట్ల వాళ్ళ ఇళ్ళ దాకా నీళ్ళ గొట్టం రాదట. మానవ హక్కులని చాలా వివరంగా రాశారు... నాకు పైడమ్మ పిన్ని ఇటుకముక్క గుర్తొచ్చింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ మోటారు, ట్యాంకు. వరస లేదు, తగువు లేదు. బండ్లు మైదానంలోకి రావడం మానేశాయి. పోయినేడు హైవే పక్కన బండోళ్ళ కొలిమి ఒకటి కనబడింది. పిల్ల ఒకతి చేతిలో ప్లాస్టిక్ డబ్బాతో అటూ ఇటూ చూస్తోంది... అది పెట్టడానికి చుట్టుపక్కల ఎక్కడా వరస లేదు.

మీ వీధి కొళాయి దగ్గర మీరేం పెట్టేవారు? బిందెనా, ఇటుకా?... నాలాగా ఎవరిదైనా తీసి పక్కన పెట్టి ఉంటే, అదీ చెప్పండి.