ఊకె అన్న మాటకు సాక్షి

నిన్న ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. వచ్చే వారం సభలో వేదికెక్కి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చెయ్యందిస్తే మనుషుల మధ్య తేడాలు ఎలా చెరిగిపోతాయో పది నిమిషాలు మాట్లాడాలట, నవ్వుతున్న ఫోటో ఒకటి పంపాలట. చదవగానే ఒళ్ళు మండింది. నా ఈడువాళ్ళతో చెప్పుకుంటున్నాను కాబట్టి దాపరికమెందుకు, ఆ తేడాలు ఎక్కడ చెరిగాయో నాకైతే కనబడలేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మాది నానక్‌రామ్‌గూడలో కిరాయి గది. అమ్మ ఒక టవర్‌లో నేల తుడిచేది, నేను షేర్ ఆటోలో ఇరుక్కుని మరో టవర్‌కు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనికి వెళ్ళేదాన్ని. మా టీమ్ లీడ్‌ది కోస్తా. మొదటి రోజే నా ఇంటిపేరు అడిగి, మాది ఏ కులమో తేల్చుకున్నాక ఆ మనిషి మళ్ళీ నా ముఖం చూసి మాట్లాడలేదు.

నాకు పని నేర్పమని పక్క సీటు అక్కకు అప్పగించారు. ఆవిడదీ కోస్తానే. ఊకె అడిగితే ఏమనుకుంటరో అని నేనన్నప్పుడు ఫక్కున నవ్వింది, వారం రోజులు ఆవిడంటే నాకు అసహ్యం. తర్వాత తనే కుర్చీ లాక్కుని వచ్చి ఊకె అంటే ఏమిటని అడిగింది. మాటిమాటికీ అని చెప్పాను. నవ్వడం తన తప్పేనని ఒప్పుకుని, ఆ రోజు నుంచి నా రిపోర్టుల్లో ఇంగ్లిష్ దిద్దుతూ, మిగతావాళ్ళు ఎడంగా జరిగి కూర్చున్నా తను మాత్రం నా డబ్బాలో చెయ్యి పెట్టి తింటూ, నాకు సొంత అక్క కంటే ఎక్కువైంది.

ఇంకో వారంలో నా ఉద్యోగం పర్మినెంట్ కావాలనగా, లీడ్ బయటి నుంచి ఫోన్ చేసి కొత్త పేజీ ఎలా ఉందని అడిగాడు. "ఊకె ఊకె ఆగుతున్నది సార్" అన్నాను. ఆయన చెవికి అది ఓకే ఓకే అని వినబడింది, మిగతాది వినకుండానే ఫోన్ పెట్టేసి పేజీని క్లయింట్‌కు పంపించేశాడు. మర్నాడు అది వాళ్ళ ముందే ఆగిపోయింది. మేనేజర్ పిలిచిన మీటింగ్‌లో, ఈ అమ్మాయికి మాట్లాడ్డమే రాదండీ, తీసేద్దాం అన్నాడు లీడ్. ఇంట్లో అమ్మకేం చెప్పాలన్నదొక్కటే తిరుగుతోంది బుర్రలో.

అక్క లేచి నిలబడింది. "ఫోన్‌లో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నానండి. ఆ పిల్ల చెప్పింది తెలుగే. మీరే పూర్తిగా వినలేదు."

నా ఉద్యోగం నిలిచింది. అక్కకు రావలసిన ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. మనవాళ్ళను కాదని ఎవత్తి కోసమో నిలబడిందంటూ క్యాంటీన్‌లో సొంతవాళ్ళే ఆవిడ బల్లకు రావడం మానేశారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ వదిలి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంటిపేరు నోటితో ఎవరూ అడగరు, ఆన్‌లైన్‌లో చూసుకుంటారు. కొత్తవాళ్ళకు పని నేర్పే పథకానికి గొప్ప పేరు పెట్టారు, దాని కింద ఎనిమిది మందిని నాకు అప్పగించారు. వాళ్ళలో ఒక పిల్లను, మాట తీరు బాగాలేదన్న సాకుతో పోయినేడు తీసేశారు. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. ఆ పిల్ల పని ఎంత చక్కగా చేస్తుందో అందరికంటే నాకే బాగా తెలుసు. గ్లాసెడు నీళ్ళు తాగి ఊరుకున్నాను. అక్క గనక ఆ గదిలో ఉండి ఉంటే, ఆ పిల్ల ఇవాళ కూడా పనికి వచ్చేది.