కల్లప్ప గీసిన బాణం

నిజాం సర్కారు నడిచే రోజులు. నాగల్‌గిద్ద నుంచి కల్లప్ప మా వాడకు వచ్చి నా ఇంట్ల దిగినప్పుడు, వానిది కన్నడమా తెలుగా అని అందరూ నన్నే అడిగేటోళ్ళు. "రెండూ, పైనుంచి ఉర్దూ" అనేదాన్ని. పేటలో బస్తాలు మోసుకుంట చదువుకున్న మనిషి. ఆ ఉర్దూతోనే హైదరాబాద్ పోయి కాలేజీ చదివొచ్చి, మా ఖేడ్ బడిలో కచ్చా నౌకరీ పట్టిండు.

నౌకరీ పక్కా కావాలంటే పరీక్ష చేసే సాబ్ ముందర బోర్డు మీద కాలేజీ లెక్క చెయ్యాలె. చలికాలంలో ఒకసారి తప్పిండు. ఇంకోసారి తప్పితే మళ్ళీ బస్తాలే.

సాబ్ వచ్చే దినం పొద్దుగాల నేను కళ్ళంలో జొన్నలు తూర్పారబడుతున్న. కల్లప్ప అలికిన నేల మీద బొగ్గుతో గీస్తుండు.

"ఏంది గది?" అన్న. అడగకుంటే నాకు గంజి దిగదు.

"గీ చుక్క కరెంటు ఛార్జి, అవ్వా, పక్కనున్నదాన్ని తోస్తది. గీ చుక్క మనం నిలబడ్డ జాగ. ఛార్జి కాడి నుంచి మూడడుగులు తూర్పు, నాలుగడుగులు ఉత్తరం. సూటిగా కొలిస్తే ఐదు. మూడునూ నాలుగునూ ఐదుతో భాగిస్తే బాణం పొడుగు ఒకటైతది."

"ఎందుకు కోస్తవ్ పొడుగు?"

"బాణం దిక్కు ఒక్కటే చెప్పాలె. బలమెంతో వేరే చెప్తం."

బాగానే ఉంది. కానీ కొలిచింది ఛార్జి నుంచి, బాణం మొన మాత్రం ఛార్జి దిక్కే ఉంది.

"పోయినసారీ గిట్లనే గీసినవా?"

"అవ్. ఉల్టా అన్నడు సాబ్. పడమర నుంచి వస్తేనే గదా పడమటి గాలంటం? నేనూ బలం వచ్చే దిక్కే చూపిస్తున్న."

ఒక ఘడియ నాకూ నిజమే అనిపించింది. మేమంతా గాలిని గట్లనే పిలుస్తం మరి. చాట ఎత్తి జొన్నలు వదిలిన. గింజలు కాళ్ళ దగ్గర పడ్డయ్, పొల్లు తూర్పుకు ఎగిరింది.

"పేరు పడమటిదే, పిచ్చోడా. పొల్లు ఎటు పోయింది?"

వాని మొహం తెల్లబోయింది. మొన చెరిపి మన జాగ దిక్కు తిప్పిండు.

పది గంటలకు బడి కిటికీ కాడ నిలబడ్డ. బడి జవాను పొమ్మన్నడు. "మీ అమ్మనూ గిట్లనే తరుముతవా?" అంటే పక్కకు జరిగిండు.

లోపల కల్లప్ప లెక్క ముగించిండు. బాణం ఛార్జి కెళ్ళి బయటికి పోతుండె. సాబ్ లేచి ఛార్జి పక్కన తీసివేత గుర్తు గీసిండు.

"ఇప్పుడు బాణమేమైతది?"

కల్లప్ప సుద్ద మొన దాకా పోయింది. చెరిపేస్తడేమో అని కిటికీ ఊచలు గట్టిగ పట్టుకున్న. సాబ్ మీసం కూడా కదలలే.

"ఏం కాదు సాబ్," అన్నడు కల్లప్ప. "ఛార్జి కెళ్ళి మన జాగకు దారి అదే. తోసుడా, గుంజుడా అన్నది గుర్తు చూసుకుంటది."

సాబ్ కలం తీసి పక్కా నౌకరీ కాగితం మీద సంతకం పెట్టిండు. కల్లప్పకు అర్థం కాలే, సుద్ద పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"అయిపోయింది రా, కూసో!" అని కిటికీలకెళ్ళి నేనే అరిచిన.