రిజిస్టరుకెక్కని రాళ్ళు

మాచర్ల దగ్గర నాపరాయి పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరుగా నా ఆఖరి ఏడాది అది. ఉత్పత్తి పెంచాలని ఓనరు గుంటూరు నుంచి ఒక ఇంజనీరును పిలిపించాడు.

క్వారీ నుంచి వచ్చిన పలకకు ముందు అంచులు కోస్తాం. తర్వాత మస్తాన్‌బీ దాన్ని చిన్న సుత్తితో తట్టి వింటుంది. ఖంగుమంటే పాలిషింగ్ మిషన్ మీదికి. మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు, పక్కకు. ఇరవై ఏళ్ళుగా ఆ పని ఆమెదే.

ఇంజనీరు వారం పాటు స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగాడు. మా రిజిస్టరు కూడా తీసుకుని, షెడ్డు మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. దీన్నే సిమ్యులేషన్ అంటారు; షెడ్డులో ఇటుక కదపకుండా, మార్పును ముందు తెర మీద నడిపి చూడటం. పలకలు చిన్న గడులై కదిలాయి. మస్తాన్‌బీ దగ్గర బారులు తీరి ఎర్రబడ్డాయి. ఆ పని తీసేస్తే మిషన్ ఖాళీగా ఉండదని తేలింది. సోమవారం నుంచి రావద్దని ఓనరు ఆమెకు చెప్పేశాడు.

సోమవారం ఆమె లేకుండానే పని మొదలయ్యేసరికి నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి తప్పి, షెడ్డులోనే చదువుకున్నవాణ్ణి. "నీ డబ్బాకు చెవులున్నయ్యా?" అని అందరి ముందూ ఇంజనీరును అడిగాను.

అతను గొంతు పెంచలేదు. రిజిస్టరు తెరిచాడు. "మిషన్ మీద రాయి పగిలినట్టు ఏడాది మొత్తంలో ఒక్కటీ లేదు సార్. లేనిది నేనెట్లా పెట్టను?"

ఆ చేతిరాత నాది. మిషనెక్కిన పలకలే రాసేవాణ్ణి. ఆమె పక్కన పెట్టినవి లెక్కా పత్రం లేకుండా షెడ్డు వెనక్కి పోయేవి. ఆమె తీసేస్తున్నందువల్లే మిషన్ మీద ఏదీ పగల్లేదు. ఏదీ పగల్లేదు గనుక ఆమె అక్కర్లేదని లెక్క తేలింది.

అతన్ని వెనక్కి తీసుకెళ్ళాను. ఆ ఏడాది పక్కన పడేసిన గుట్టలో పలకలు లెక్కపెడుతుండగానే లోపల పెద్ద చప్పుడు. తట్టకుండా ఎక్కించిన పలక చీలి, మిషన్‌కున్న సానరాళ్ళు ఎగిరిపోయాయి. మిషన్ సాయంత్రం దాకా ఆగింది.

గుట్ట లెక్క ఎక్కించాక తెర మీద మిషన్ మాటిమాటికీ ఆగింది. అప్పుడు అతనే ఇంకోటి నడిపాడు: తట్టే పని కోతకు ముందే. పలకలు కోతకు ఎదురుచూసే వేళలోనే తట్టడం అయిపోయి బారు పోయింది, పగిలిన రాయికి కోత కూడా దండగ కాలేదు. ఓనరు ఒప్పుకున్నాడు.

పిలవడానికి నేనే వెళ్ళాను. మస్తాన్‌బీ గుమ్మంలోనే నిలబెట్టింది. "ఏందన్నా, ఎన్ని తీసేశానో ఒక్కనాడన్నా రాశావా? పక్కనున్న నీ కంటికే ఆనలేదు, పెట్టెకేం ఆనుద్ది? రాస్తానంటే వస్తా." రాస్తానన్నాను.

జరగకుండా ఆపిన నష్టాన్నీ రాయాలి. రాయకపోతే ఆపిన మనిషే దండగగా కనిపిస్తుంది. ఆమెను తీసేయమంది కంప్యూటరని ఇప్పటికీ అంటుంటారు. దానికి ఆ మాట చెప్పింది నేను.