పందిరి ఎత్తు

కర్మన్‌ఘాట్ అనంతమ్మ ఏ ఎత్తునైనా చేయెత్తియే కొలిచేది. తమ ద్రాక్షతోటలో గుత్తులు ఆమెకందేటంత ఎత్తులోనే భర్త పందిరి వేసి, కొన్నాళ్లకు కన్నుమూశాడు. చుట్టూ కాలనీలు లేస్తున్న ఆ రోజుల్లో అరకలు తోలేవారంతా ఇండ్లు కట్టే పనులకు పోయారు. పందిరికింద దూరే ట్రాక్టరు దొరకకుంటే తోట ప్లాట్లకు అమ్మవలసిందే. దిల్‌సుఖ్‌నగర్ ట్రాక్టర్ల దుకాణంలో ఆమె ప్రతి బండి పక్కనా నిలిచి చేయెత్తింది; ప్రతిసారీ పొగగొట్టం ఆమె చేతికంటే పైనే ఉంది.

“పందిరి కాస్త లేపించండమ్మగారూ,” అన్నాడు దుకాణదారు త్రినాథరావు.

“లేపితే నాకెట్ల అందుతదయ్యా? నిచ్చెన నువ్వు పట్టుకుంటవా?”

చివరకు మూలనున్న చిన్న ట్రాక్టరు ఆమె చేతికింద ఇమిడింది.

“అది మరీ పొట్టిదండీ!”

“మా ఆయన గూడ పొట్టోడే. తోటంత ఆయనే దున్నిండు,” అన్నది అనంతమ్మ. ఎత్తిన చేతిని మాత్రం చాలాసేపు దించలేదు.