సైకిల్ స్పోకు కొక్కెం

పక్షవాతం వచ్చి తగ్గాక నాకు నడక వచ్చింది, మాట వచ్చింది, కుడిచేతి వేళ్లు మాత్రం రాలేదు. చెంచాతో అన్నం తినడం నేర్చుకున్నాను. చొక్కా గుండీలు మాత్రం మా ఆవిడే పెట్టేది. రోజూ పొద్దున్నే ఎదురుగా నిలబడి, కింది నుంచి పైకి ఐదు గుండీలూ పెట్టి, కాలరు సర్ది, "అయిపోయిందండీ" అనేది. నేను గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ నిలబడేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు మిషన్లు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు బతికిన చెయ్యి ఇది. ఆ ఐదు గుండీల సేపూ నాకు ఒళ్లు మండిపోయేది.

ఏలూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది. వారం రోజులు నొక్కాను. నొక్కితే బంతి నొక్కుకుంటుంది, వదిలేస్తే మళ్లీ ఉబ్బుతుంది. అదీ ఒక పనేనా? ఇక్కడ వట్లూరులో, మా ముందుగది బీరువా మీద నా ఓడ సగంలో ఆగిపోయి ఉంది. జబ్బు పడకముందు ప్లైవుడ్డుతో చేసిన తెరచాప ఓడ, మూరెడు పొడవు. మూడు తెరచాప కొయ్యలూ నిలబెట్టాను గానీ వాటిని పట్టి ఉంచే తాళ్లు ఇంకా కట్టలేదు. ఆ తాళ్లన్నీ కుడిచేత్తోనే కడతాననీ, ఆ తర్వాత గుండీల సంగతి నేనే చూసుకుంటాననీ మా ఆవిడతో చెప్పాను.

"ఎడం చెయ్యి ఉంది కదండీ, దాంతో కట్టొచ్చుగా" అంది.

"ఎడం చేతికేం జబ్బు చెయ్యలేదు" అన్నాను.

బజార్లో దొరికే పనిముట్లన్నీ పూర్తిగా వంగే వేళ్ల కోసం చేసినవి. నాకు పిడి లావుగా ఉండాలి. విరిగిన అప్పడాల కర్ర ముక్కకి చిల్లు పెట్టి అందులో సైకిల్ స్పోకు దిగ్గొట్టాను. కొసని స్టౌ మీద ఎర్రగా కాల్చి, పట్టకారుతో వంచి కొక్కెం చేశాను. మొదటిది పెద్దదైంది, రెండోది విరిగింది, మూడోది దారాన్ని పట్టింది. ఇంజెక్షన్ సూది మొన అరగదీసి, ముడి మీద జిగురు చుక్క వెయ్యడానికి పెట్టుకున్నాను. దారం బిగువుగా వేలాడడానికి బరువు కావాలి కదా, మా నాన్న విసురు వల అంచునుండే సీసపు గుళ్లు తెచ్చి బట్టల క్లిప్పులకి కట్టాను. ఇవన్నీ చెయ్యడానికి మాత్రం ఎడం చేతిని వాడుకున్నాను. ఆ మాత్రం మినహాయింపు నాకు నేనే ఇచ్చుకున్నాను.

నెల తిరిగేసరికి కొక్కెంతో దారం లాగడం పట్టుబడింది. మధ్య కొయ్యకి ఒకవైపు తాళ్లు పన్నెండూ కట్టేసి తెగ పొంగిపోయాను. తీరా ఎదురుగా నిలబడి చూస్తే కొయ్య పక్కకి ఒరిగిపోయి ఉంది. నేను పుట్టి పెరిగింది కొల్లేటి లంకలో, వల అల్లడం రానివాళ్లు మా ఇంట్లో లేరు. నా చెయ్యి దానికి చిన్నప్పట్నుంచి తెలిసిన వల ముడే వేసుకుంటూ పోయింది. చేప ఎంత గింజుకున్నా వల ముడి జారకూడదు. ఓడ తాడుకి అలా కాదు, ముందు వదులుగా వేసి, రెండు వైపులా సమానం చేసి, ఆఖర్న బిగించాలి. సరిచెయ్యడానికి వీల్లేక పన్నెండూ కత్తిరించేశాను. ఆ పూట అన్నం సయించలేదు.

మా ఆవిడ దారం ముక్కలు చేటలోకి ఎత్తుతూ, "మళ్లీ కట్టండి. ఇప్పుడెక్కడికెళ్లాలి గనక" అంది. కోపం వచ్చింది. అయినా మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను.

చెయ్యి వల ముడి వైపు పోవడం, నేను దాన్ని తిట్టి జారుముడి వైపు లాక్కురావడం, చేలల్లో నాట్లు పడ్డప్పట్నుంచి కోతలదాకా ఇదే పని. మధ్య కొయ్య నిటారుగా నిలబడింది.

ఒకరోజు మా ఆవిడ కైకలూరులో వాళ్ల అక్కగారింటికి మొదటి బస్సుకే వెళ్లాల్సి వచ్చింది. "గుండీలకి పక్కింటాయన్ని పిలవనా అండీ" అంది. వద్దన్నాను. ఆవిడ వెళ్లాక చొక్కా తొడుక్కుని, బల్ల మీది కొక్కెం తీసుకున్నాను. కాజాలోంచి కొక్కెం దూర్చి, గుండీ పట్టి, దారం లాగినట్టే ఇవతలికి లాగాను. మొదటిది రెండుసార్లు జారిపోయింది. ఐదూ పెట్టడానికి అరగంట పట్టింది. ఒంటరిగా ఇంట్లో నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

సాయంత్రం వచ్చి చూసింది. "బాగుందండీ" అని లోపలికెళ్లిపోయింది.

మర్నాడు స్నానం చేసొచ్చి కొక్కెం తీసుకున్నాను. ఆవిడ అలవాటు కొద్దీ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ చేతులు సగందాకా లేచి ఆగిపోయాయి. ఇన్ని నెలలూ క్యాలెండరు చూశాను గానీ, ఇంత దగ్గరగా ఉన్న ఆ ముఖాన్ని ఒక్కరోజూ చూడలేదు. సిగ్గేసింది.

"పై గుండీ ఒక్కటీ నాకు వదిలెయ్యండి" అంది.

నాలుగు పెట్టుకున్నాను. కొక్కెం బల్ల మీద పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడ్డాను.